దమ్ము సీజన్‌లో ట్రాక్టర్ వెనక హౌసింగ్ ఆయిల్ పాలలా మారింది: నీళ్లు ఎటునుంచి దూరుతున్నాయి?

తూర్పుకాలువ
బండి 45 హెచ్‌పీ, టూ వీల్ డ్రైవ్, మీటరు 2,100 గంటలు. గేర్‌బాక్సుకీ డిఫరెన్షియల్‌కీ లిఫ్టుకీ (ఇవన్నీ వెనక హౌసింగ్ అనే ఒకే పెట్టెలో ఉంటాయి) ఒకటే ఆయిలు. బ్రేకులు కూడా ఆయిల్లో మునిగే రకం. వెనక టైర్లకు హాఫ్ కేజ్ వీల్స్ (బురదలో పట్టు కోసం ఇనుప పట్టీల చక్రాలు) బిగించి, ఆరడుగుల రోటావేటర్‌తో సార్వా దమ్ము (వానాకాలం నాట్లకు మడిని బురదగా దున్నడం) పది రోజులుగా నడుస్తోంది.

ఇప్పుడు కనబడుతున్నవి ఇవి. గేజీ తీసి చూస్తే ఆయిలు పాలెక్కువైన టీ రంగులో ఉంది. మట్టం పై గీత దాటి వేలెడు పైకొచ్చింది. రోటావేటర్ ఎత్తేటప్పుడు లిఫ్టు వణుకుతోంది, పంపు దగ్గర సన్నగా ఈల లాంటి చప్పుడు. ఎడమ బ్రేకు తొక్కితే కీచుమంటోంది. ఇంకా పదిహేనెకరాల దమ్ము మిగిలే ఉంది, నారు ముదురుతోంది. అది కానిచ్చేసి ఆయిలు మార్చొచ్చా? అసలు నీళ్లు ఎటునుంచి పోతున్నట్టు?

స్పానర్_పదహారు
కానివ్వొద్దండి. ఆయిలు తగ్గడం ఉంటుంది గానీ తనంతట తాను పెరగడం ఉండదు. మట్టం వేలెడు పెరిగిందంటే లోపల లీటర్ల లెక్కన నీళ్లున్నట్టే.

అలాగే నడిపితే ముందు పోయేది హైడ్రాలిక్ పంపు. నీళ్లు కలిసిన ఆయిలు పంపు లోపలి భాగాల మీద పొరలా నిలవదు, ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. మీకు వినబడుతున్న ఈల పంపు ఇబ్బంది పడుతోందనడానికి గుర్తు. తర్వాత బ్రేకు ప్లేట్లు. వాటి మీది లైనింగు నీళ్లు పీల్చి ఉబ్బి, పొరలుగా ఊడి, ఆ ముక్కలు ఫిల్టర్‌లోకి చేరతాయి. బేరింగుల సంగతి వెంటనే తెలియదు. బండి నాలుగు రోజులు ఆగితే రోలర్ల మీద తుప్పు చుక్కలు పడతాయి, ఆ మోత వచ్చే సీజన్‌లో బయటపడుతుంది.

అయితే విప్పేముందు అది నీళ్లేనా, గాలి కలిసిన నురగా అన్నది తేల్చుకోండి. పంపు పీల్చే వైపు పైపు లూజుగా ఉన్నా, ఓ-రింగు (అతుకులో ఉండే రబ్బరు వలయం) తెగినా గాలి లాక్కుని ఆయిలు అచ్చం ఇలాగే తెల్లగా కనబడుతుంది. బండి ఆపగానే ఒక లావాటి సిరంజితో గానీ సన్నటి ట్యూబుతో గానీ పావు లీటరు తీసి, తెల్లటి సీసాలో పోసి కదపకుండా పెట్టండి. గాలైతే గంటా రెండు గంటల్లో పైకి తేలిపోయి ఆయిలు మామూలు రంగుకొస్తుంది. నీళ్లయితే తెల్లారేదాకా చూసినా మబ్బుగానే ఉంటుంది, లేదంటే అడుగున విడిగా చేరుతుంది.

అంత ఆగలేకపోతే ఇనప పెనం బాగా వేడిచేసి దాని మీద రెండు చుక్కలు వేయండి. ఊరికే పొగ వస్తే నీళ్లు లేవు. పోపులా చిటపటలాడితే ఉన్నాయి. రెండు చుక్కలకు మించి వేయొద్దు, కళ్లలోకి చిందుతుంది.

యాసంగి_మడి
స్పానరన్న చెప్పినదానికి ఒక్క ముచ్చట కలుపుత. సీసా అడుగున ఏం చేరిందో మంచిగ చూడాలె. అడుగున మట్టి పేరుకుంటే అది మడిలకెల్లి వచ్చిన నీళ్లు, అంటే సీలు (షాఫ్టు చుట్టూ ఆయిలు కారకుంట ఆపే రబ్బరు రింగు) దిక్కు చూడాలె. నీళ్లు తేటగ ఉండి మట్టి లేకుంటే వాన నీళ్లు పైకెల్లి దిగినట్టు. గేరు లివర్ల కాడ రబ్బరు తొడుగులు చినిగి ఉంటయి, బండి వానల బయటనే ఉంటది, లివరు చుట్టూ నిలిచిన నీళ్లు కొంచెం కొంచెం లోపలికి జారుతయి. మస్తు మంది దీన్ని పట్టించుకోకుంట సీలు మార్చి, మళ్ల నీళ్లొచ్చినయని మెకానిక్‌ను తిడతరు.

లంకపొలం
నీళ్లు దూరే దారులు తెలియాలంటే ముందు ఎందుకు దూరుతున్నాయో తెలియాలండి. ఇది అర్థమైతే సగం పని అయినట్టే.

ఆయిల్ సీలు పెదవి (షాఫ్టుకి ఆనే అంచు) లోపలివైపు తిరిగి ఉంటుంది, స్ప్రింగు ఉన్న వైపు ఆయిలు దిక్కుకి. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు ఆ ఒత్తిడే పెదవిని షాఫ్టుకి అదుముతుంది. బయట ఒత్తిడి ఎక్కువైతే అదే పెదవి లేచి దారి ఇస్తుంది. అంటే సీలు ఆయిలు బయటికి పోకుండా చూడటానికి చేసినది. నీళ్లు లోపలికి రాకుండా ఆపడం దాని మొదటి పని కాదు, ఆ పని బయటివైపు ఉండే చిన్న దుమ్ము పెదవిది.

ఇప్పుడు దమ్ములో జరిగేది చూడండి. ఊళ్లోంచి పొలానికి మూడు కిలోమీటర్లు టాప్ గేరులో వస్తారు, లేదా గంటల తరబడి పీటీవో (రోటావేటర్‌ను తిప్పే వెనక షాఫ్టు) తిప్పుతారు. హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. లోపలి గాలి వ్యాకోచించి బ్రీదర్ (హౌసింగ్‌కి గాలి ఆడే కన్నం) గుండా బయటికి పోతుంది. వెంటనే బండి దించి చల్లటి నీళ్లలో నిలబెడితే హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడి, లోపలి గాలి కుంచించుకుని వెలితి ఏర్పడుతుంది. ఆ వెలితిని పూడ్చడానికి గాలి బ్రీదర్ నుంచే రావాలి. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఎక్కడ సులువైతే అక్కడి నుంచి పీలుస్తుంది. అప్పటికి ఆక్సిల్ సీలు నీళ్లలో ఉంటుంది. సీలు కొత్తదైనా సరే, నీళ్లు పీలుస్తుందండి.

అందుకే పని ముగిశాక వేడి బండిని కాలువ రేవులోకి దింపి కడిగే అలవాటు అన్నిటికంటే చెడ్డది. పొద్దున్నించీ మడిలో ఎక్కని నీళ్లు ఆ పది నిమిషాల్లో ఎక్కేస్తాయి. గట్టు మీద అరగంట ఆపి, హౌసింగ్ మీద అరచెయ్యి హాయిగా ఆనేంత చల్లబడ్డాక కడగండి. పొలంలో దించేముందు కూడా పావుగంట నీడన ఆపితే మంచిది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు బండిని మడిలో వదిలేయొద్దు, మెరక మీదికి తెచ్చి ఆపండి.

ఆయిల్‌సీలు
లంకపొలం గారు చెప్పిన కారణానికి నా లెక్కలో చూసుకోవాల్సిన వరస ఇది.

మొదట బ్రీదర్. కొన్ని బండ్లలో లిఫ్టు కవరు మీద, కొన్నిటిలో గేర్‌బాక్సు పైన చిన్న టోపీలా ఉంటుంది. కొన్నిటిలో గేజీ మూతలోనే కన్నం ఉంటుంది. విప్పి డీజిల్లో నానబెట్టి, నోటితో ఊదితే గాలి అటూ ఇటూ ఆడాలి. దమ్ము రోజుల్లో వారానికోసారి ఇది చేయాలి. వీలున్న మోడల్‌లో బ్రీదర్ స్థానంలో నిప్పిల్ బిగించి, నాలుగైదు అడుగుల ఆయిల్ హోస్ తొడిగి మడ్‌గార్డు ఎత్తుకు తీసుకెళ్లి, చివర కిందికి వంచి కట్టండి. మట్టి చిమ్మినా మూసుకుపోదు.

తర్వాత వెనక చక్రాల లోపలి వైపు. రిమ్ము లోపలి భాగంలో, ట్రంపెట్ (ఆక్సిల్ ఉండే గొట్టం లాంటి తొడుగు) చివర ఆయిలు చెమ్మ మీద మట్టి అట్టకట్టి ఉందా చూడండి. ఆయిలు బయటికి వచ్చిన చోటే నీళ్లు లోపలికి పోతాయి. మీకు ఎడమ బ్రేకు అరుస్తోంది కాబట్టి ఎడమ పక్క ముందు చూడాలి.

పీటీవో షాఫ్టు సీలు. గడ్డి, నైలాను తాడు, పాత ఎరువు సంచుల పీచు షాఫ్టుకి చుట్టుకుని బిగుసుకుంటే అదే సీలును కోస్తుంది. పీటీవో గార్డు తీసి, కత్తితో పీచు మొత్తం కోసి తీసేయండి. కేజ్ వీల్ హబ్బు దగ్గర కూడా వరి మోళ్లు, గడ్డి ఇలాగే చుట్టుకుంటాయి, రోజూ తీయాలి.

బ్రేకు పెడల్ షాఫ్టు హౌసింగ్‌లోకి దూరే చోట ఓ-రింగు, గేజీ మూత రబ్బరు, ట్రాలీ టిప్పింగ్ పైపు పెట్టే కప్లరు మూతలు చివర్లో చూడండి. కప్లరు మూత పోయి ఉంటే అందులో మట్టి నిండి, పైపు తగిలించిన రోజున ఆ మట్టంతా నేరుగా హైడ్రాలిక్‌లోకి వెళ్తుంది.

తూర్పుకాలువ
సీసా పరీక్ష అయింది. పన్నెండు గంటల తర్వాత కూడా మబ్బుగానే ఉంది, అడుగున అర సెంటీమీటరు సన్నటి బంకమన్ను. బ్రీదర్ పూర్తిగా మూసుకుపోయి ఉంది, ఊదితే గాలి ఆడలేదు. ఎడమ ట్రంపెట్ చివర చెమ్మ ఉంది.

బండి నిలిపేశాం. ఆయిలు తీసేశాక డీజిల్ పోసి కడగమని స్థానిక మెకానిక్ అంటున్నారు. సరేనా?

స్పానర్_పదహారు
డీజిల్ వద్దంటాను. ట్రంపెట్లలో, లిఫ్టు సిలిండర్‌లో, గేర్ల సందుల్లో ఎంత వంచినా రెండు మూడు లీటర్లు మిగిలిపోతుంది. కొత్త ఆయిలు దానితో పలచబడుతుంది. పైగా ఆయిల్ బ్రేకులున్న బండికి పోసే ఆయిల్లో బ్రేకు ప్లేట్లు అరవకుండా, జారకుండా పట్టేందుకు మందులు కలిపి ఉంటాయి. డీజిల్ వాటి పాళ్లు చెడగొడుతుంది. డీజిల్‌తో పంపు తిప్పడమైతే అసలే కూడదు.

రేగడి_రైతు
పుస్తకం ప్రకారం అంతే, కానీ ఖర్చు కూడా చూడాల కదా. మోడల్‌ను బట్టి 30 నుంచి 60 లీటర్ల ఆయిలు పడతాది. కడగడానికి ఒక నింపు, నడపడానికి ఒక నింపు అంటే ఎట్టా భరించేది? అందుకే మెకానిక్కులు డీజిల్ మాట చెబుతారు, వాళ్ల తప్పేం లేదు.

స్పానర్_పదహారు
న్యాయమైన మాటే అన్నా. అందుకే రెండిటికీ మధ్య దారి చెబుతా. దమ్ము అయ్యాక ఎలాగూ ఆయిలు చూడాలి కాబట్టి, ఇప్పుడు పోసే ఆయిలునే కడిగే ఆయిలుగా వాడుకోవడం. కాకపోతే ఆ మొదటి ఆయిలు కూడా కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే ఉండాలి. మామూలు గేర్ ఆయిల్ 90 పోయకూడదు, ఆయిల్ బ్రేకులు పాడవుతాయి.

వరస ఇలా:

బండిని చదునైన చోట ఇరవై నిమిషాలు తిప్పి ఆయిలు గోరువెచ్చగా అయ్యాక ఆపండి. రోటావేటర్ విప్పేసి, లిఫ్టు చేతులు పూర్తిగా కిందికి దించండి. లేచి ఉంటే సిలిండర్‌లో ఆయిలు ఉండిపోతుంది. అన్ని డ్రెయిన్ ప్లగ్గులూ విప్పాలి: గేర్‌బాక్సు కింద ఒకటి, డిఫరెన్షియల్ కింద ఒకటి, చాలా బండ్లకు రెండు ట్రంపెట్ల కింద చెరొకటి. ఈ చివరి రెండూ మర్చిపోతారు, బ్రేకు ప్లేట్లను నాశనం చేసే నీళ్లు నిలిచేది అక్కడే. పై మూతలు తీసి ఉంచితే గాలి ఆడి ధార బాగా పడుతుంది. పట్టిన ఆయిలు కాలువలోకి పోనివ్వొద్దు, డబ్బాల్లో పట్టి పాత ఆయిలు కొనేవాళ్లకు ఇచ్చేయండి.

రాత్రంతా కారనివ్వండి. మధ్యలో రెండు బ్రేకు పెడళ్లూ పదిహేనిరవైసార్లు తొక్కి వదిలితే ప్లేట్ల మధ్య చిక్కుకున్నది కూడా దిగుతుంది. ప్లగ్గులకు అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్నది వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తటి బూడిదలా ఉంటే మామూలు అరుగుదల. గోరుకు తగిలే ముక్కలుంటే బేరింగో గేరు పన్నో పోతున్నట్టు, అప్పుడు ఇంకా లోపలికి విప్పాల్సిందే.

హైడ్రాలిక్ ఫిల్టర్ మార్చండి, జాలీ ఉంటే డీజిల్లో కడిగి ఆరబెట్టండి. జాలీని డీజిల్‌తో కడగడం వేరు, హౌసింగ్‌ను కడగడం వేరు. సీలు పని అయ్యాక కొత్త ఆయిలు పోసి, మొదటి పావుగంట బరువు లేకుండా లిఫ్టు ఎత్తి దించుతూ గాలి పోనిచ్చి, మట్టం మళ్లీ చూసి నింపండి. 25, 30 గంటల్లో మీ దమ్ము అయిపోతుంది. ఆ తర్వాత ఆయిలూ ఫిల్టరూ మళ్లీ మార్చండి. అప్పటికి ఆయిలు కాస్త మబ్బుగా ఉన్నా కంగారు పడొద్దు, మూలల్లో మిగిలిన నీళ్లు అవి. మట్టం మాత్రం పెరగకూడదు.

రేగడి_రైతు
ఇదైతే నేనూ ఒప్పుకుంటా. డీజిల్ ఖర్చు కూడా మిగులుద్ది.

ఆయిల్‌సీలు
ఎడమ ఆక్సిల్ సీలు గురించి. సీలు మార్చడం తేలికే, మళ్లీ పోకుండా మార్చడమే పని.

ముందు జాగ్రత్త చెప్పాలి. టైరులో నీళ్ల బరువు నింపి ఉన్నారా? 14.9-28 టైరులో ముప్పావు వంతు నింపితే దాదాపు 240 లీటర్లు, అంటే రిమ్ము, టైరు కాక అదొక్కటే 240 కిలోలు. ఒక్కరే చక్రం విప్పే పని పెట్టుకోవద్దు. గట్టి నేల మీద ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, జాకీతో ఎత్తాక ట్రంపెట్ కింద గట్టి కొయ్య దిమ్మలు పేర్చండి. జాకీని నమ్మి బండి కిందకి చెయ్యి పెట్టకూడదు. అసలు దమ్ముకి ఆ నీళ్లు తీసేయడమే మేలు, బరువు ఎక్కువైతే బండి మడి అడుగు గట్టి పొర దాటి దిగబడుతుంది.

ఆక్సిల్ బయటికి తీశాక సీలు కూర్చునే చోట షాఫ్టును గుడ్డతో తుడిచి వేలిగోరు అడ్డంగా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే పాత సీలు పెదవి అక్కడ గాడి కోసింది. బంకమన్ను ఎమెరీ కాగితంలా పనిచేసి ఇనుమునే అరగదీస్తుంది. ఆ గాడిలో కొత్త సీలు పెట్టినా పది రోజుల్లో కారుతుంది. గాడి తక్కువైతే సీలును రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి, పెదవి కొత్త చోట తిరిగేలా కూర్చోబెట్టండి. ఎక్కువైతే షాఫ్టుకు పలచటి స్టీలు స్లీవు తొడిగించాలి, లేదా లేత్ మీద సరిచేయించాలి.

బేరింగు ఆట చూడకుండా సీలు వేయొద్దు. బేరింగు వదులైతే షాఫ్టు తిరిగేటప్పుడు ఊగుతుంది, సీలు పెదవి దాని వెంట పోలేదు. హాఫ్ కేజ్ వీల్ టైరుకు బయటివైపు ఉంటుంది కాబట్టి బరువు ఆక్సిల్ చివరికి జరిగి, బయటి బేరింగు మీద పడే ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ. అందుకే దమ్ము బండ్లకే ఈ తిప్పలు. ఆట సరిచేసే పలచటి షిమ్ములు (రేకు వలయాలు) విప్పిన వరసలోనే దారానికి గుచ్చి పెట్టుకోండి. ఒక్కటి తారుమారైనా బిగుతు మారిపోతుంది.

దుమ్ము పెదవి కూడా ఉన్న రెండు పెదవుల సీలే అడగండి. కొన్ని మోడళ్లకు దమ్ము కోసం ప్రత్యేకంగా పెట్టెలా మూసి ఉండే సీలు దొరుకుతుంది, అది ఇంకా మంచిది. రెండు పెదవుల మధ్య ఖాళీలో గ్రీజు నింపండి. ఎక్కించేటప్పుడు సీలు బయటి చుట్టుకొలతకు సరిపోయే పైపు ముక్క ఆనించి సమంగా కొట్టాలి. సుత్తితో ఒక పక్కనుంచి కొట్టుకుంటూ పోతే రేకు వంకరపోతుంది. షాఫ్టు చివర స్ప్లైన్లకు (పళ్లలాంటి గాళ్లకు) టేపు చుట్టి ఎక్కిస్తే పెదవి చీరుకోదు.

మెట్టపొలం
నాదొక సందేహం. ఇంజిన్ ఆయిలు కూడా ఇలా తెల్లబడితే కారణం ఇదేనా? మడి నీళ్లు ఇంజిన్‌లోకీ పోతాయా?

లంకపొలం
అది వేరండి. ఇంజిన్ ఆయిల్లో నీళ్లంటే చాలావరకు రేడియేటర్ నీళ్లే: హెడ్ గ్యాస్‌కెట్, లైనరు కింది ఓ-రింగులు, ఆయిల్ కూలరు ఉంటే అది. రేడియేటర్ మట్టం తగ్గుతూ ఉంటుంది, మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు రావచ్చు. మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. ఆ ఇంజిన్‌ను అసలు నడపకూడదు.

యాసంగి_మడి
క్లచ్ సంగతి ఎవరూ చెప్పలె. క్లచ్ ఉండే బెల్ హౌసింగ్ అడుగున ఒక తూటు ఉంటది. లోపల ఆయిలు కారితే క్లచ్ ప్లేటు తడవకుంట బయటికి పోనీకి అది తెరిచి పెడ్తరు, చాలా బండ్లల్ల దాంట్ల ఒక కాటర్ పిన్ను వేలాడుతుంటది. దమ్ముల దిగేముందు ఆ తూటుకు ప్లగ్గు బిగియ్యాలె. కొత్త బండితోని టూల్ బాక్సుల ఇస్తరు, మన దగ్గర అది యాడ్నో పోతది. సైజు చూసి కొత్తది తెచ్చి పెట్టుకోండ్రి. ప్లగ్గు లేకుంటే బురద లోపలికి ఎక్కి క్లచ్ జారుతది, లేకుంటే రాత్రి ఆపిన బండి పొద్దుగాల క్లచ్ తుప్పుకు అతుక్కొని గేరు పడదు.

మెట్ట పనికి, ట్రాలీకి పోయేటప్పుడు ప్లగ్గు మళ్ల తియ్యాలె. తీసినప్పుడు చుక్క ఆయిలు రాలితే గేర్‌బాక్సు ముందు సీలో, క్రాంక్ వెనక సీలో కారుతున్నదని తెలుస్తది. పెట్టి మర్చిపోతే ఆ ఆయిలు లోపలనే నిండి ప్లేటు తడుస్తది.

క్లచ్ పెడల్ ఆట చాలా మోడళ్లకు 20 నుంచి 25 మిల్లీమీటర్లు. బురదల డ్రైవరు కాలు పెడల్ మీదనే ఉంటది, అది మాన్పియ్యాలె.

ముందుచక్రం
ముందు హబ్బులను కూడా దమ్ములో ఎవరూ పట్టించుకోరు. ముందు చక్రాలు చిన్నవి కాబట్టి వెనక వాటి కంటే ముందు హబ్బులే నీళ్లలో ఎక్కువ మునుగుతాయి.

సీజన్ మొదలుకాకముందే ముందు చక్రాలు విప్పి, బేరింగులు డీజిల్లో కడిగి, పూర్తిగా ఆరాక గ్రీజు అరచేతిలో పెట్టుకుని బేరింగును దాని మీద అదిమి, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా పట్టించండి. పైపైన పూస్తే చాలదు. సీలు కొత్తది వేయండి. నట్టు బిగించేటప్పుడు చక్రం చేత్తో తిప్పుతూ కొంచెం పట్టేసేదాకా బిగించి, తర్వాత ఒక గాడి వెనక్కి వదిలి కాటర్ పిన్ను పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకలాడకూడదు, తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి.

దమ్ము జరిగినన్నాళ్లూ స్టబ్ ఆక్సిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు) నిప్పిళ్లకు, మధ్య పిన్నుకు రోజూ సాయంత్రం గ్రీజు కొట్టండి. లోపలి బురద గ్రీజు బయటికొచ్చి, శుభ్రమైన గ్రీజు కనబడేదాకా కొట్టాలి. పొద్దున కొడదామనుకుంటే రాత్రంతా నీళ్లు లోపలే ఉండిపోతాయి.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు ఆక్సిల్‌లో కూడా గేరు ఆయిలు ఉంటుంది, దానికీ రెండు చివర్లా ప్లగ్గులుంటాయి. అది వేరే మట్టం, వెనక గేజీలో కనబడదు. దమ్ము మధ్యలో ఒకసారి ప్లగ్గు కాస్త వదులు చేసి ముందు వచ్చే చుక్క చూడండి. నీరు ఆయిలు కంటే బరువు కాబట్టి ఉంటే ముందు అదే కారుతుంది.

రేగడి_రైతు
రోటావేటర్‌కు కూడా ఇదే రోగం. మధ్య గేర్‌బాక్సులో, పక్క గేరు కేసులో ఆయిలు తెల్లబడిందా వారానికోసారి చూడాల. రోటరు రెండు చివర్ల బేరింగు సీళ్ల దగ్గర గడ్డి చుట్టుకుంటే కత్తితో కోసి తీయాల, లాగి పీకితే సీలు కూడా వస్తాది. బ్లేడ్లు ఒక పక్కవి అరిగి ఒక పక్కవి కొత్తవిగా ఉంటే అదురు పుట్టి బోల్టులు వదులవుతాయి, ఆ అదురు పీటీవో సీలుకు కూడా తగులుతాది. కొత్త బ్లేడ్లు వేసిన మొదటి గంట తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించండి.

మూల తిరిగేటప్పుడు ఎత్తేముందు పీటీవో ఆపాల. ఎత్తినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి క్రాసులు (షాఫ్టు వంగే కీళ్లు) పట్టేస్తాయి, తోలేవాళ్లు తొందరలో ఇది చేయరు. దమ్ముకు 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు చాలు. అంతకు మించి దించితే అడుగు గట్టి పొర పగిలి, వచ్చే ఏడు అదే మడిలో బండి దిగబడతాది, నీళ్లు కూడా ఇంకిపోతాయి.

లంకపొలం
దిగబడటం మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఆయిలు పాడైతే డబ్బుతో పోతుంది, దీనిలో ప్రాణం పోతుంది.

వెనక చక్రాలు కూరుకుని తిరగనప్పుడు ఇంజిన్ బలం ఎటూ పోదు. చక్రం తిరగలేకపోతే ఆక్సిల్ చుట్టూ బండే తిరుగుతుంది. ముందు చక్రాలు లేస్తాయి, ఆ మీదట వెనక్కి బోర్లా పడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. క్లచ్ తొక్కాలని తోచేలోపే అయిపోతుంది. కేజ్ వీల్‌కి తాటి దుంగ కట్టి ముందుకు లాగించడం ఇందుకే అతి ప్రమాదం. దుంగ నేలకు ఆనగానే చక్రం ఆగిపోతుంది, బండి లేస్తుంది.

దిగబడగానే ఆగండి. చక్రాలు తిప్పుతూ ఉంటే ఇంకా లోతుకే. పీటీవో ఆపి, రోటావేటర్ విప్పేయండి. చక్రాల వెనక పారతో తవ్వి వాలు చేసి, తాటి కమ్మలో గడ్డి మోపులో వేసి, చిన్న గేరులో రివర్సులో మెల్లగా రండి. రివర్సులో ముందు భాగం లేచే భయం తక్కువ. రాకపోతే ఇంకో బండితో లాగించండి, గొలుసు ఆక్సిల్ కంటే కింద ఉన్న హుక్కుకే కట్టాలి. టాప్ లింకుకి, ఆక్సిల్ పైన కడితే లాగే బండి కూడా లేస్తుంది. గొలుసు బిగిసినప్పుడు చుట్టూ ఎవర్నీ నిలబడనివ్వకండి. మడ్‌గార్డు మీద మనిషిని కూర్చోబెట్టుకుని దమ్ము చేయడం ఎంత మాత్రం వద్దు, జారితే పడేది కేజ్ వీల్ కిందకే.

యాసంగి_మడి
ఫుల్ కేజ్ వీల్స్ (టైర్లకు బదులు బిగించే ఇనుప చక్రాలు) తోని తారు రోడ్డు ఎక్కొద్దు గూడ. రోడ్డు పలుగుతది, పోలీసులు పట్టుకుంటే జరిమానా. దానికన్న ముందు బండికే నష్టం. ఇనుప పట్టీలు గట్టి రోడ్డు మీద కొట్టే ప్రతి దెబ్బ ఆక్సిల్ బేరింగుకే పోతది. ట్రాలీల వేసుకపోయి పొలం కాడ బిగించుకోవాలె. బిగించినంక మొదటి మడి అయ్యేసరికి బోల్టులు ఒకసారి చూడాలె, బురదల వదులైతే కనబడదు, చప్పుడు గూడ వినబడదు.

తూర్పుకాలువ
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజుకి తేలినవి: ఎడమ సీలు పెదవి ఒక పక్క పూర్తిగా అరిగిపోయింది. షాఫ్టు మీద గోరుకు తగిలే గాడి ఉంది, లోతు తక్కువే. బేరింగులో ఆట లేదు. ఎడమ ట్రంపెట్ ప్లగ్గు విప్పితే ముందు లీటరున్నర దాకా ఉత్త నీళ్లే వచ్చాయి, కుడివైపు గ్లాసుడు. అయస్కాంతం మీద బూడిద మాత్రమే, ముక్కల్లేవు. బెల్ హౌసింగ్ కింద ప్లగ్గు అసలు లేదు, తూటు తెరిచే ఉంది.

రెండు పెదవుల సీలు తెచ్చాం. గాడి తప్పించి రెండు మిల్లీమీటర్లు లోపలికి వేయమని చెప్పాను. కుడి సీలు కూడా ఇప్పుడే మార్చాలా? ఎడమ బ్రేకు ప్లేట్లు విప్పి చూడాలా?

ఆయిల్‌సీలు
కుడిది కూడా మార్చండి. రెండూ అవే గంటలు తిరిగాయి, ఆయిలు ఎలాగూ కిందికి దించేశారు. ఇప్పుడు వదిలేస్తే దమ్ము మధ్యలో కొత్త ఆయిలు మళ్లీ దించాలి.

బ్రేకు ప్లేట్లు ఎడమవైపు ఒక్కసారి విప్పి చూడటం మంచిది, లీటరున్నర నీళ్లు నిలిచిన చోటు అది. లైనింగు ప్లేటుకు గట్టిగా అంటుకుని ఉండి, అంచు గోరుతో గీరితే లేవకపోతే తుడిచి, కొత్త ఆయిల్లో అరగంట నానబెట్టి తిరిగి వేయండి. పొలుసులా లేస్తే మార్చాలి, అప్పుడు రెండు వైపులా కలిపే మార్చండి. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి అయితే రోడ్డు మీద బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

స్పానర్_పదహారు
ఆయిలు పోసేముందు బెల్ హౌసింగ్ తూటులోంచి సన్నటి తీగ పెట్టి బురద గడ్డకట్టిందేమో తీయండి. నీళ్లు కొట్టొద్దు. ఆయిలు పోశాక ఇంజిన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు తిరగనిచ్చి, క్లచ్ ఇరవై ముప్పైసార్లు తొక్కి వదలండి, ఆ వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది. ప్లగ్గు ఆ తర్వాతే బిగించండి, ముందు బిగిస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

బండి మళ్లీ మడిలో దిగాక మొదటి మూడు రోజులు పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, చదునైన చోట లిఫ్టు దించి గేజీ చూడండి. ఏ రోజు మట్టం ఎక్కడుందో మడ్‌గార్డు లోపలి వైపు సుద్దతో గీత గీసి పెట్టుకోండి.